స్ట్రీమింగ్ స్టిక్: పెట్టె విప్పిన దగ్గర్నుంచి మొదటి వీడియో సాఫీగా ఆడేదాకా

కొత్తతెర:
ఇంటర్నెట్ వీడియోలని టీవీలో ఆడించే స్ట్రీమింగ్ స్టిక్ కొన్నాను. పెట్టెలో స్టిక్, రిమోట్, రెండు ట్రిపుల్‌ఏ బ్యాటరీలు, యూఎస్‌బీ తీగ, చిన్న అడాప్టర్, బెత్తెడు పొడవున్న హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెండర్ ఉన్నాయి. టీవీ 4కే. వెనక మూడు హెచ్‌డీఎంఐ పోర్టులు, ఒక యూఎస్‌బీ పోర్టు. లోపలి కాగితంలో నాలుగు బొమ్మలు తప్ప వివరమేమీ లేదు. ఏ పోర్టుకి పెట్టాలి? ఆ ఎక్స్‌టెండర్ తప్పనిసరా? టీవీ యూఎస్‌బీ నుంచే పవర్ తీసుకుంటే గోడ దగ్గర ఒక ప్లగ్గు మిగులుతుంది, అలా చెయ్యొచ్చా? మొదట మార్చాల్సిన సెట్టింగులు ఏవి?

రాగితీగ:
మూడో ప్రశ్నతో మొదలుపెడతాను, మిగతావన్నీ దాని మీదే నిలబడతాయి. టీవీ యూఎస్‌బీ నుంచి తీసుకోకండి.

టీవీ పోర్టుకి పెట్టినా స్టిక్ వెలుగుతుంది, మెనూ వస్తుంది, గంటసేపు బాగానే ఆడుతుంది కూడా. అందుకే చాలామంది సరిపోయిందనుకుంటారు. లెక్క చూడండి. ప్రమాణం ప్రకారం యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీఆంపియర్లు, అంటే 2.5 వాట్లు. 3.0 పోర్టయితే 900, అంటే 4.5 వాట్లు. మీ పెట్టెలో వచ్చిన అడాప్టర్ మీద సన్నటి అక్షరాల్లో 'అవుట్‌పుట్' అని ఉన్న వరుస చదవండి. సాధారణంగా 5 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంటుంది, కొన్ని మోడళ్లకి ఇంకా ఎక్కువ. మెనూలో ఊరికే ఉన్నప్పుడు స్టిక్ అంత లాగదు. వై-ఫై డౌన్‌లోడు, 4కే డీకోడింగు, బ్లూటూత్ మూడూ ఒకేసారి మీద పడ్డప్పుడు లాగుతుంది. వోల్టేజీ ఆ క్షణంలోనే పడిపోయి, సినిమా మధ్యలో లోగో తెరకి తిరిగొస్తుంది. చూసేవాళ్లు యాప్‌ని తిడతారు, తప్పు పవర్‌ది.

ఇంకో కారణం ఉంది, నా దృష్టిలో ఇదే పెద్దది. చాలా టీవీలు ఆఫ్ చెయ్యగానే యూఎస్‌బీకి కరెంటు ఆపేస్తాయి. అప్పుడు స్టిక్ ప్రతిసారీ మొదటి నుంచి బూట్ అవ్వాలి. పైగా ఇవి అప్‌డేట్లు వేసుకునేది మనం చూడని సమయంలో. ఒక అప్‌డేట్ సగంలో ఉండగా టీవీ ఆపారంటే, మళ్లీ పెట్టినప్పుడు లోగో దగ్గరే ఆగిపోయే ప్రమాదం ఉంది.

తీగ గురించి కూడా చెప్పాలి. పెట్టెలో వచ్చిన తీగ పొట్టిగా ఉందని ఏదో పాత ఫోన్ తీగ పెడతారు. ఆ తీగ తొడుగు మీద చిన్న అక్షరాలుంటాయి, వెలుతురుకి వాల్చి చూస్తే కనిపిస్తాయి: '28ఏడబ్ల్యూజీ/1పీ 24ఏడబ్ల్యూజీ/2సీ' లాంటిది. మొదటిది డేటా జత, రెండోది పవర్ తీగలు. మనకి కావాల్సింది రెండోది. ఏడబ్ల్యూజీ అంటే తీగ మందాన్ని చెప్పే గేజి, అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. 28 గేజి రాగితీగకి మీటరుకి సుమారు 0.21 ఓమ్‌ల నిరోధం. 2 మీటర్ల తీగలో కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి, అంటే 4 మీటర్లు, 0.85 ఓమ్‌లు. 1 ఆంపియర్ లాగితే 0.85 వోల్టు దారిలోనే పోతుంది. 5 వోల్టులు పంపితే స్టిక్ దగ్గరికి చేరేది 4.15. అదే 24 గేజి అయితే పోయేది 0.34 మాత్రమే. అడాప్టర్ ఎంత పెద్దదైనా తీగ సన్నదైతే ఉపయోగం లేదు.

నీలిచుక్క:
రాగితీగ గారు చెప్పింది నిజమే గానీ అన్ని టీవీలకీ ఒకే మాట వర్తించదు. కొన్నిటికి ఒక పోర్టు పక్కన 'హెచ్‌డీడీ 5వీ 1ఏ' అని అచ్చు ఉంటుంది. హార్డ్‌డిస్క్ నడిపే పోర్టు అది, స్టిక్‌కి సరిపోతుంది.

రాగితీగ:
ఒప్పుకుంటాను, ఆ పోర్టయితే ఆంపియర్ల చిక్కు లేదు. టీవీ ఆపినప్పుడు కరెంటు పోయే చిక్కు మాత్రం అలాగే ఉంటుంది. కాబట్టి కనీసం మొదటి సెటప్పూ, మొదటి అప్‌డేటూ గోడ ప్లగ్గు మీదే అవనివ్వండి.

ఎక్స్‌టెండర్ సంగతి. దాన్ని పెట్టెలోనే వదిలేసేవాళ్లు ఎక్కువ. పెట్టండి. టీవీ వెనక రేకు, లోపలి బోర్డు వేడి, గోడకి మధ్య ఇరుకు, ఈ మూడింటి మధ్య స్టిక్ ఇరుక్కుంటే వేడెక్కి ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. స్టిక్‌లోని వై-ఫై, బ్లూటూత్ యాంటెన్నాలు రేకుకి అంటుకుని ఉంటే సిగ్నల్ కూడా తగ్గుతుంది. బెత్తెడు దూరం జరిగినా రెండింటికీ తేడా తెలుస్తుంది. పక్క పోర్టు మీద బరువు పడకపోవడం అదనపు లాభం.

నీలిచుక్క:
ఇక బొమ్మ వైపు. మూడు పోర్టుల్లో ఒకదాని పక్కన 'ఏఆర్‌సీ' లేదా 'ఈఏఆర్‌సీ' అని ఉంటుంది, టీవీ శబ్దాన్ని సౌండ్‌బార్‌కి పంపే పోర్టు అది. సౌండ్‌బార్ ఇప్పుడు ఉన్నా, రేపు వచ్చినా, అది దానికి వదిలేయండి. స్టిక్ మిగతా రెండింట్లో ఒకదానికి. కొన్ని టీవీల్లో అన్ని పోర్టులూ పూర్తి 4కే 60 హెర్ట్జ్ (సెకనుకి 60 బొమ్మలు) తీసుకోవు, మాన్యువల్లో పోర్టు వారీగా రాసి ఉంటుంది, అది చూసే ఎంచుకోండి.

స్టిక్ పెట్టాక ముందు స్టిక్ మెనూలోకి వెళ్లకండి, టీవీ మెనూలోకి వెళ్లండి. చాలా టీవీల్లో ప్రతి హెచ్‌డీఎంఐ పోర్టుకీ పూర్తి బ్యాండ్‌విడ్త్ ఇచ్చే స్విచ్చి ఒకటి ఉంటుంది, అది ఆఫ్‌లో ఉండొచ్చు. శామ్‌సంగ్‌లో 'ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్', ఎల్‌జీలో 'అల్ట్రా హెచ్‌డీ డీప్ కలర్', సోనీలో 'హెచ్‌డీఎంఐ సిగ్నల్ ఫార్మాట్' కింద 'ఎన్‌హాన్స్‌డ్'. అది ఆన్ చెయ్యకపోతే, హెచ్‌డీఆర్ (వెలుగునీడలు, రంగులు ఇంకా విస్తారంగా చూపే పద్ధతి) కోసం స్టిక్ అడిగి చూసినా టీవీ 'నాకు హెచ్‌డీఆర్ రాదు' అని జవాబిస్తుంది. స్టిక్ మెనూలో హెచ్‌డీఆర్ కనిపించక స్టిక్ పాడైందనుకునేవాళ్లకి ఇదే కారణం, నూటికి తొంభైసార్లు అంటే అతిశయం కాదు. స్విచ్చి మార్చాక స్టిక్‌ని ఒకసారి రీస్టార్ట్ చెయ్యండి, టీవీ సామర్థ్యాన్ని మళ్లీ చదువుకుంటుంది.

తర్వాత స్టిక్ మెనూలో మూడు.

రిజల్యూషన్ 'ఆటో'లోనే ఉంచండి.

డైనమిక్ రేంజ్‌ని 'ఎప్పుడూ హెచ్‌డీఆర్' అని పెట్టకండి. 'అడాప్టివ్' లేదా 'మ్యాచ్ కంటెంట్' అని ఉండేది పెట్టండి. ఎప్పుడూ హెచ్‌డీఆర్ అంటే మామూలు వీడియోని కూడా స్టిక్ తన ఇష్టం వచ్చినట్టు మార్చి పంపుతుంది. రంగులు గాఢంగానో, వెలిసిపోయినట్టుగానో కనిపిస్తాయి.

'మ్యాచ్ ఫ్రేమ్ రేట్' ఆన్ చెయ్యండి. దీన్ని చాలామంది పట్టించుకోరు, నేను మాత్రం దీని దగ్గర రాజీపడను. సినిమా సెకనుకి 23.976 ఫ్రేములు. టీవీ 60 హెర్ట్జ్‌లో ఉంటే ఆ ఫ్రేములు సమంగా పంచుకోలేవు. ఒక ఫ్రేము మూడుసార్లు, తర్వాతిది రెండుసార్లు చూపించాలి, అంటే ఒకటి 50 మిల్లీసెకన్లు, ఇంకొకటి 33. మామూలు సన్నివేశంలో తెలియదు. కెమెరా నెమ్మదిగా పక్కకి తిరిగే చోట, లేదా చివర్లో పేర్లు పైకి జరిగే చోట చూడండి, అక్షరాలు చిన్న కుదుపుతో ఎక్కుతుంటాయి. మ్యాచ్ పెడితే టీవీ 24కి మారి ఆ కుదుపు పోతుంది. వీడియో మొదలయ్యేటప్పుడు ఒకటి రెండు సెకన్లు తెర నల్లబడుతుంది, అది లోపం కాదు. ఇంకో మాట: ఇది యాప్ కూడా అడగాలి. సెట్టింగు ఆన్‌లో ఉన్నా మారని యాప్‌లు ఉన్నాయి.

కొత్తతెర:
గోడ ప్లగ్గు, ఎక్స్‌టెండర్, రెండో పోర్టు, టీవీలో స్విచ్చి, అన్నీ పెట్టాను. హెచ్‌డీఆర్ వచ్చింది. కానీ మెనూలో ఉన్నప్పుడు కొన్ని నిమిషాలకోసారి తెర ఒక సెకను నల్లబడి మళ్లీ వస్తోంది. ముదురు రంగుల చోట అక్కడక్కడా తెల్లటి చుక్కలు మెరుస్తున్నాయి. వింతేమిటంటే సినిమా ఆడేటప్పుడు ఒక్కసారీ రాలేదు.

నీలిచుక్క:
వింత కాదండీ, చివర్లో చెప్పిన ఆ ఒక్క ముక్కే రోగనిర్ధారణ. మెనూ 4కే 60లో నడుస్తోంది. హెచ్‌డీఆర్‌ని 4:2:2లో (రంగు వివరాన్ని కొంత తగ్గించి పంపే పద్ధతి) పంపితే తీగ మీద 17.82 జీబీపీఎస్ (సెకనుకి అన్ని గిగాబిట్లు). హెచ్‌డీఎంఐ 2.0 గరిష్ఠం 18, అంటే అంచు మీద నడుస్తోంది. సినిమాకి 24కి మారగానే అదే 4:2:2 సిగ్నల్ 8.91కి, సరిగ్గా సగానికి పడిపోతుంది. సగం వేగంలో బాగుండి పూర్తి వేగంలో చుక్కలు వస్తున్నాయంటే దారిలో ఏదో ఒక జాయింటు ఆ వేగం మోయలేకపోతోంది. స్టిక్‌కీ టీవీకీ మధ్య మీకు ఉన్నది ఒక్క ఎక్స్‌టెండరే.

వరుసగా చెయ్యండి, రెండు మార్పులు ఒకేసారి వద్దు. మొదట ఎక్స్‌టెండర్ రెండు కొసలూ ఊడదీసి మళ్లీ గట్టిగా నొక్కండి, బరువుకి వేలాడి అర మిల్లీమీటరు బయటికి వచ్చినా ఇలాగే అవుతుంది. పోకపోతే దాన్ని తీసేసి స్టిక్‌ని నేరుగా పెట్టి పది నిమిషాలు మెనూలోనే వదిలేయండి. ఆగిందా, ఎక్స్‌టెండర్‌ది తప్పు. ఆగలేదా, పోర్టు మార్చండి. దాంతోనూ ఆగకపోతే మాత్రమే కలర్ ఫార్మాట్‌ని రంగు వివరం ఇంకా తగ్గించే 4:2:0కి దించండి, 10 బిట్ అయినా 11.14 జీబీపీఎస్‌తో సరిపోతుంది. సినిమాలు, సీరియళ్లు ఎలాగూ 4:2:0లోనే వస్తాయి కాబట్టి చూసేటప్పుడు పోయేదేమీ లేదు. మెనూలో ఎర్రటి సన్న అక్షరాల అంచులు కాస్త మసకబారతాయి, అంతే.

కొత్తతెర:
నేరుగా పెడితే ఆగింది. మళ్లీ ఎక్స్‌టెండర్‌తో పెడితే వచ్చింది. ఇప్పుడు వేడి, వై-ఫై సంగతేంటి?

నీలిచుక్క:
18 జీబీపీఎస్ అని స్పష్టంగా చెప్పిన ఎక్స్‌టెండర్ ఇంకొకటి తెచ్చుకోండి, వీలైనంత పొట్టిది. పెట్టెలో వచ్చింది పనిచెయ్యడం లేదు కాబట్టి వారంటీలో మార్చమని అడగడమూ న్యాయమే. అప్పటిదాకా ఎక్స్‌టెండర్ ఉంచి 4:2:0 వాడండి.

గాలితరంగం:
వై-ఫై గురించి ఎవరూ మాట్లాడలేదు. సెటప్పులో నెట్‌వర్క్ అడిగినప్పుడు 5 గిగాహెర్ట్జ్ పేరు ఎంచుకోండి. కారణం వేగం ఒక్కటే కాదు. రిమోట్ బ్లూటూత్ మీద నడుస్తుంది, బ్లూటూత్ ఉండేది 2.4లో. స్టిక్ కూడా 2.4 వై-ఫైలోనే ఉంటే రెండూ ఒకే గాలిని పంచుకుంటాయి, వీడియో బఫర్ అవుతున్నప్పుడు రిమోట్ నొక్కులు ఆలస్యంగా అందుతాయి. రౌటర్ రెండు గదుల అవతల ఉండి 5 అక్కడిదాకా రాకపోతే తప్ప 2.4కి వెళ్లకండి.

5 గిగాహెర్ట్జ్ పేరు స్టిక్‌కి అసలు కనిపించడం లేదా? రౌటర్ 52 నుంచి 144 మధ్య చానల్‌లో ఉండి ఉండొచ్చు. అవి రాడార్లతో పంచుకునే చానళ్లు, కొన్ని స్టిక్‌లు వాటిని చూపించవు. రౌటర్ పేజీలో చానల్‌ని ఆటో నుంచి తీసి 36, 40, 44, 48లో ఒకటి పెట్టండి. 2.4లో కూడా 12, 13 కొన్నిటికి కనిపించవు. 1, 6, 11లో ఒకటి పెట్టుకుంటే మంచిది. భద్రత 'డబ్ల్యూపీఏ3 మాత్రమే' అని ఉంటే పాత స్టిక్ కలవదు, 'డబ్ల్యూపీఏ2/3 మిక్స్‌డ్' పెట్టండి.

ఎంత వేగం కావాలంటే, నెట్‌ఫ్లిక్స్ తన సిఫార్సులో 4కేకి 15 ఎంబీపీఎస్, 1080పీకి 5, 720పీకి 3 అంటుంది. ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ చేసి 'నాకు 200 వస్తోంది' అనుకోవద్దు, టీవీ వెనక స్టిక్‌కి వచ్చేది వేరు. స్పీడ్ టెస్ట్ స్టిక్‌లోనే చెయ్యండి.

రాగితీగ:
గాలితరంగం గారి మాటకి ఒకటి కలపాలి. టీవీకి యూఎస్‌బీ 3.0 హార్డ్‌డిస్క్ తగిలించి ఉంటే, దాని తీగని స్టిక్‌కి దూరంగా లాగండి. యూఎస్‌బీ 3.0 సిగ్నల్ నుంచి వచ్చే రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో పడుతుంది, 2012లో ఇంటెల్ దీని మీద ప్రత్యేకంగా ఒక పత్రమే విడుదల చేసింది. రిమోట్ రెండుసార్లు నొక్కితే గానీ పలకడం లేదనే ఫిర్యాదుల్లో బ్యాటరీల తర్వాత చూడాల్సింది ఇదే.

బ్యాటరీలంటే గుర్తొచ్చింది: రీచార్జబుల్ సెల్లులు 1.2 వోల్టులవి, మామూలు ఆల్కలైన్‌వి 1.5. రీచార్జబుల్ వేస్తే నిండుగా ఉన్నా మెనూలో 'బ్యాటరీ తక్కువ' అని చూపించొచ్చు. కంగారు పడక్కర్లేదు.

శ్రుతిపెట్టె:
శబ్దం. టీవీ స్పీకర్లే అయితే స్టిక్‌లో ఆడియోని 'స్టీరియో' లేదా 'పీసీఎం'కి (కుదించని శబ్దం) మార్చండి. ఆటోలో ఉంటే 5.1 ట్రాక్ (ఆరు చానళ్ల శబ్దం) టీవీకి వెళ్తుంది, టీవీ దాన్ని రెండు చానళ్లకి కుదించేటప్పుడు మాటలు లోపలికి పోయి సంగీతం మీదపడే అవకాశం ఎక్కువ. అదే కుదింపు స్టిక్‌లో జరిగితే చాలాసార్లు మాట స్పష్టంగా ఉంటుంది. రెండూ విని చూసుకోండి, ఒకే సన్నివేశంతో.

సౌండ్‌బార్ ఉంటే ఏఆర్‌సీ ద్వారా డాల్బీ డిజిటల్, డాల్బీ డిజిటల్ ప్లస్ వెళ్తాయి. స్ట్రీమింగ్‌లో వచ్చే అట్మాస్ (చుట్టూ, పైనుంచి వినిపించే డాల్బీ శబ్దం) ఆ ప్లస్‌లోనే ఉంటుంది కాబట్టి ఆ రెండోది మోయగల టీవీ, సౌండ్‌బార్ ఉంటే దానికి ఈఏఆర్‌సీ అక్కర్లేదు. డిస్కుల్లో ఉండే ట్రూహెచ్‌డీకి (నాణ్యత తగ్గకుండా కుదించిన డాల్బీ శబ్దం) మాత్రం కావాలి.

పెదాలకీ మాటకీ తేడా వస్తే, ముందు అది అన్ని యాప్‌లలోనా, ఒక్కదాంట్లోనా చూడండి. ఒక్కదాంట్లోనే అయితే ఆ యాప్‌ని పూర్తిగా ఆపి తెరవండి. అన్నిట్లో అయితే టీవీలోని మోషన్ స్మూతింగ్ (కదలికని నునుపు చేసే సెట్టింగు) ఆఫ్ చెయ్యండి, బొమ్మని ఆలస్యం చేసేది అదే. అప్పటికీ ఉంటే స్టిక్‌లోని ఆడియో-వీడియో సింక్ స్లైడర్‌ని పది పది మిల్లీసెకన్లుగా జరపండి.

ఇంటిసర్వర్:
సొంత ఫైళ్లు చూడాలనుకునేవాళ్ల కోసం. కంప్యూటర్‌లో జెల్లీఫిన్ లాంటి సర్వర్ (ఫైళ్లని ఇంట్లోని తెరలకి పంపే ప్రోగ్రాం) వేసి స్టిక్‌లో దాని యాప్ పెట్టడం తేలిక దారి. చిరునామాలో కంప్యూటర్ ఐపీ, దాని వెనక పోర్టు నంబరు 8096. రౌటర్‌లో ఆ కంప్యూటర్‌కి ఐపీ స్థిరంగా కేటాయించండి, లేకపోతే ఒకరోజు రౌటర్ రీస్టార్ట్ అయ్యాక సర్వర్ 'మాయమవుతుంది'. సర్వర్ వద్దు, ఫోల్డర్ నేరుగా పంచుకుంటానంటే 'కోడి' అనే ప్లేయర్ యాప్ ఉంది. నెట్‌వర్క్‌కి తగిలించిన పాత స్టోరేజీ డబ్బా కనిపించకపోతే అది ఎస్‌ఎంబీ1 (ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి) మాత్రమే మాట్లాడుతోందేమో చూడండి. ఎస్‌ఎంబీ1ని ఆన్ చెయ్యడం కంటే డబ్బా ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) పెంచి ఎస్‌ఎంబీ2కి తేవడం క్షేమం.

ఫైలు ఆడేటప్పుడు సర్వర్ ఫ్యాన్ గట్టిగా మోగిందంటే అది ట్రాన్స్‌కోడ్ చేస్తోందని, అంటే వీడియోని అప్పటికప్పుడు వేరే రూపంలోకి మారుస్తోందని అర్థం. సబ్‌టైటిల్ ఆపి చూడండి. డిస్కుల నుంచి వచ్చే బొమ్మ రూపంలోని సబ్‌టైటిళ్లని స్టిక్ యాప్ చూపించలేకపోతే సర్వర్ వాటిని ప్రతి ఫ్రేము మీదా అచ్చు వెయ్యాల్సి వస్తుంది. అదే అక్షరాల రూపంలోని ఎస్‌ఆర్‌టీ అయితే ఆ భారం ఉండదు. తెలుగు ఎస్‌ఆర్‌టీ ఫైలులో గీతలూ ప్రశ్నార్థకాలూ వస్తే నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఎన్‌కోడింగ్ (అక్షరాలని భద్రపరిచే పద్ధతి) యూటీఎఫ్-8గా సేవ్ చెయ్యండి. అక్షరాల చోట డబ్బాలు డబ్బాలుగా వస్తే అది ఎన్‌కోడింగ్ కాదు, ఆ యాప్ వాడే ఫాంటులో తెలుగు లేదు. సెట్టింగుల్లో ఫాంటు మార్చాలి.

4కే డిస్కు కాపీలు ఆగి ఆగి ఆడుతుంటే తీగ నెట్‌వర్క్ అడాప్టర్ పెట్టేముందు దాని మీద అంకె చూడండి. స్టిక్‌ల కోసం అమ్మేవాటిలో చాలావరకు 100 ఎంబీపీఎస్‌వే, అలాంటి ఫైళ్లు అక్కడక్కడా ఆ గీత దాటుతాయి. మంచి 5 గిగాహెర్ట్జ్ సిగ్నలే దానికంటే మేలు.

కొత్తతెర:
ఒక యాప్‌లో మాత్రం బొమ్మ మసకగా, 480పీలా ఉంది. స్పీడ్ టెస్ట్ స్టిక్‌లోనే 90 చూపిస్తోంది.

నీలిచుక్క:
అంత వేగం ఉండి ఒక్క యాప్‌లోనే అంటే ముందు ఆ యాప్‌లోని డేటా పొదుపు సెట్టింగు, మీ చందా ఏ రిజల్యూషన్ వరకో చూడండి. అవి సరిగ్గా ఉంటే వైడ్‌వైన్ (వీడియో కాపీ కాకుండా వేసే తాళం) స్థాయి చూడాలి. 'డీఆర్‌ఎం ఇన్ఫో' యాప్ వేస్తే ఎల్1 అనో ఎల్3 అనో చూపిస్తుంది. ఎల్1 అంటే తాళం తీయడం, డీకోడ్ చెయ్యడం రెండూ చిప్‌లోని రక్షిత భాగంలో జరుగుతాయి. ఎల్3 అయితే పెద్ద సర్వీసులు ఎక్కువగా 480పీ దగ్గరే ఆపేస్తాయి. గుర్తింపు పొందిన స్టిక్‌లకి ఎల్1 ఉంటుంది, ఊరూపేరూ లేని పెట్టెలకే తరచు ఎల్3.

మధ్యలో రిసీవర్ గానీ స్ప్లిటర్ గానీ ఉంటే ఇంకో అనుమానం: దానికి హెచ్‌డీసీపీ 2.2 (హెచ్‌డీఎంఐ మీద కాపీని ఆపే తాళం) లేకపోతే 4కే రాదు. మీకు నేరుగా టీవీకే కాబట్టి అది వదిలేయండి.

కొత్తతెర:
డేటా పొదుపు ఆన్‌లో ఉంది. తీశాక సరైంది. చివరి సందేహం: వచ్చేనెల రౌటర్ మారుతోంది. రిమోట్ పోతే లేదా పాడైతే కొత్త వై-ఫైకి ఎలా కలపాలి? ఫోన్ యాప్ ఉంది గానీ స్టిక్, ఫోన్ ఒకే నెట్‌వర్క్‌లో ఉండాలంటోంది.

గాలితరంగం:
రౌటర్ మార్చేటప్పుడు కొత్తదానికి పాత పేరూ పాత పాస్‌వర్డూ అక్షరం తేడా లేకుండా పెట్టేయండి, పెద్దక్షరం చిన్నక్షరంతో సహా. స్టిక్ తనంతట తనే కలుస్తుంది. అది కుదరకపోతే ఒక ఫోన్‌లో హాట్‌స్పాట్‌కి పాత వై-ఫై పేరు, పాస్‌వర్డ్ ఇవ్వండి. స్టిక్ దాన్నే పాత రౌటర్ అనుకుని కలుస్తుంది. రెండో ఫోన్‌ని అదే హాట్‌స్పాట్‌కి కలిపి, అందులోని రిమోట్ యాప్‌తో స్టిక్ సెట్టింగుల్లోకి వెళ్లి కొత్త నెట్‌వర్క్ ఎంచుకోండి. హాట్‌స్పాట్ 5లో కనిపించకపోతే ఫోన్‌లో బ్యాండ్‌ని 2.4కి మార్చండి.

రాగితీగ:
దానికి ముందు రిమోట్ నిజంగా పోయిందా, జత విడిపోయిందా తేల్చుకోండి. బ్యాటరీలు తీసి, స్టిక్ ప్లగ్గు పీకి ఒక నిమిషం ఆగి రెండూ తిరిగి పెట్టండి. తర్వాత మళ్లీ జత చెయ్యండి: ఫైర్ టీవీకి హోమ్ బటన్ 10 సెకన్లు, గూగుల్ టీవీ క్రోమ్‌కాస్ట్‌కి బ్యాక్, హోమ్ కలిపి రిమోట్ దీపం వెలిగేదాకా. రోకు వాయిస్ రిమోట్లలో బ్యాటరీ గదిలో చిన్న జత బటన్ ఉన్నవి ఉన్నాయి. టీవీ మెనూలోనూ, స్టిక్ మెనూలోనూ సీఈసీ (హెచ్‌డీఎంఐ ద్వారా ఒక పరికరం ఇంకోదాన్ని నడిపించే సౌకర్యం) ఆన్ చేసి పెట్టుకుంటే టీవీ రిమోట్ బాణాలే స్టిక్‌ని నడిపిస్తాయి. శామ్‌సంగ్‌లో దాని పేరు ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్. రిమోట్ బాగున్న ఇవాళే ఆన్ చేసి, బాణాలు పలుకుతున్నాయో లేదో చూసుకోండి. పోయాక స్టిక్ వైపు సీఈసీ ఆన్ చెయ్యడానికి మళ్లీ రిమోటే కావాలి.